ఉప్పునీటి ఊళ్లో మంచినీళ్ల పద్దు: డెల్టా శివారు ఇంటికి ఏడాది పొడవునా నీళ్లు సమకూర్చుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో మొగల్తూరు, నరసాపురం, సఖినేటిపల్లి వైపు తీర గ్రామాల్లోనూ, కృష్ణా డెల్టాలో నాగాయలంక, కోడూరు వైపునా కాపురముండే వాళ్లకు నీళ్లు కంటబడని రోజంటూ ఉండదు. ఇంటి ముందు కాలువ, వెనుక మురుగు కాలువ, చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఆ పైన సముద్రం. అయినా తాగే నీళ్ల దగ్గరికి వచ్చేసరికి డబ్బు లెక్కపెట్టుకోవలసిందే. బోరు వేస్తే ఉప్పు పడుతుంది. పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. మంచినీళ్ల టిన్నుకు మాత్రం ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలి. ఈ ఊళ్లకు మంచినీరు కాలువ మీదనే రావాలి. గోదావరి వైపైతే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ పైనున్న ఊళ్లన్నీ వాడుకోగా మిగిలినదే శివారుకు చేరుతోంది. రబీ పంట చేతికొచ్చాక, ఎక్కువగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లోనే. ఏటా శివారు ఇళ్లలో నీళ్ల ఖర్చు పెరిగేది ఆ మధ్య రోజుల్లోనే.

ఈ ఖర్చును చాలావరకు తగ్గించుకోవచ్చు. ఉప్పునీటితో జరిగే పనికి కొన్న నీళ్లు పోయకూడదు, ఉచితంగా దొరికే రోజుల్లో మంచినీటిని వదులుకోకూడదు. కింద చెప్పే పనులన్నీ ఈ రెంటి కోసమే. వీటిని చెప్పిన వరుసలోనే చేయండి, ఎందుకంటే ముందు పనిలో తేలిన అంకె లేకుండా తరువాతి పని సరిగా సాగదు.

ముందుగా ఒక నెల పద్దు రాయండి

వంటింటి తలుపు వెనుక ఒక క్యాలెండరు తగిలించి, ఇంట్లోకి వచ్చిన ప్రతి నీటినీ ఆ తేదీ గడిలో రాయండి: ఎన్ని టిన్నులు తెచ్చారు, ట్యాంకరు వచ్చిందా, కుళాయి ఎంతసేపు వచ్చింది, మోటారు ఎన్ని నిమిషాలు వేశారు. నెల చివర కుళాయి పన్ను, మోటారుకు అయిన కరెంటు, ఫిల్టరు మార్పించిన ఖర్చు కూడా కలపండి. ఒక హార్స్‌పవర్ మోటారు గంటసేపు నడిస్తే ముప్పావు యూనిట్ నుంచి యూనిట్ దాకా కాలుతుంది కాబట్టి, నిమిషాలు రాసి పెట్టుకుంటే కరెంటు ఖర్చు తేలికగా తేలుతుంది.

ఆ తరువాత ఒక్కో నీటికి లీటరు ధర కట్టండి. ఉదాహరణకు 20 లీటర్ల టిన్ను 20 రూపాయలైతే లీటరు రూపాయి పడుతుంది. రోజుకొక టిన్ను తెచ్చుకునే ఇంటికి ఏడాదికి 7,300 రూపాయలవుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు 1,000 రూపాయలైతే లీటరు 20 పైసలు. కుళాయి నీరు, బావి నీరు పైసల్లోనే తేలతాయి. మీ ఊరి ధరలు వేరుగా ఉండవచ్చు, వాటినే వేసుకోండి. నేను చూసినంతలో పద్దు రాసిన ప్రతి ఇంట్లోనూ తేలింది ఒకటే: టిన్ను నీళ్లలో చాలా భాగం తాగడానికి కాకుండా చేతులు కడుక్కోవడానికీ, గిన్నెలు తొలవడానికీ, కూరగాయలు కడగడానికీ పోతోంది. రూపాయి నీటితో పైసా పని జరుగుతోందన్న మాట.

ఉప్పు ఎంత ఉందో కొలవండి

నాలుకతో చూసి ఉప్పగా ఉందనో, చప్పగా ఉందనో చెప్పడం మనకు అలవాటే గానీ, ఏ నీరు దేనికి వాడాలో తేల్చుకోవడానికి అది చాలదు. నీటిలో కరిగిన లవణాలను చూపే చిన్న టిడిఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. ఉప్పులో భాగమైన క్లోరైడుకు ఈ హద్దులు 250, 1,000. సముద్రపు నీటిలో లవణాలు 35,000 వరకు ఉంటాయి. అందుకే నూటికి ఒక వంతు సముద్రపు నీరు కలిసినా మంచి బావి నీరు 500 హద్దు దాటిపోవచ్చు.

బావి నీరు, బోరు నీరు, కుళాయి నీరు, టిన్ను నీరు, అన్నింటినీ కొలిచి అదే క్యాలెండరు మీద రాయండి. ఒక్కసారి కొలిచి ఊరుకోకండి. వానలు తగ్గాక నవంబరులో ఒకసారి, కాలువలు కట్టేసిన తరువాత మే నెలలో మరొకసారి కొలిస్తే, మీ బావి ఏటికేడు ఎటు పోతోందో తెలుస్తుంది. ఏటి పాయకో ఉప్పుటేరుకో దగ్గరగా ఉన్న బావి అయితే పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి కొలవండి. రెండు అంకెలకూ తేడా కనిపిస్తే పాటు వేళలోనే నీళ్లు తోడుకోండి.

ఒక జాగ్రత్త. ఈ మీటరు ఉప్పును మాత్రమే చూపుతుంది. అంకె 100 ఉన్నంత మాత్రాన ఆ నీరు తాగడానికి మంచిదని కాదు. దానిలో విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఆ పరీక్ష గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో చేయించాలి.

ప్రతి నీటికీ దాని పని అప్పగించండి

నలుగురున్న ఇంటికి తాగడానికీ, వండడానికీ మనిషికి 5 లీటర్ల చొప్పున రోజుకు 20 లీటర్లు కావాలి. అసలైన మంచినీటి అవసరం ఇంతే. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే అదే ఇంటికి 220 లీటర్లు. అందులో 20 తీసేస్తే మిగిలిన 200 లీటర్ల పనిలో చాలా భాగం కాస్త ఉప్పున్న నీటితో జరిగిపోతుంది. మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి, పశువుల కొట్టానికి బోరు నీరు చాలు. బట్టలకు మొదటి రెండు తడవలు బోరు నీటితో, చివరి జాడింపు కుళాయి నీటితో చేయండి. గిన్నెలు ఉప్పునీటితో తోమి, ఆఖరున ఒక్కసారి మంచినీళ్లలో ముంచి తీస్తే స్టీలు మీద తెల్లటి మరక నిలవదు.

ఒక్క పనికి మాత్రం పిసినారితనం పనికిరాదు. కఠిన జలంలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. నీళ్లు పోస్తూ, కూతలు లెక్కపెడుతూ కూర్చుంటే నీటి దగ్గర మిగిల్చిన రూపాయి గ్యాసు దగ్గర రెండు రూపాయలై పోతుంది. పప్పు, అన్నం, టీ, ఈ మూడూ మంచినీటితోనే చేసుకోండి.

వీలైతే మరుగుదొడ్డికీ పెరటి కుళాయికీ వేరే చిన్న ట్యాంకు పెట్టి, ఆ గొట్టాలను మంచినీటి గొట్టాలతో ఎక్కడా కలపకుండా వేయించండి. రెంటినీ కలిపి మధ్యలో ఒక వాల్వు పెడితే సరిపోతుందని ప్లంబరు చెబితే ఒప్పుకోకండి. వాల్వు అరిగిన రోజున ఉప్పునీరు, దాని వెంట మురికి మంచినీటి ట్యాంకులోకి చేరుతుంది. ఇనుప గొట్టాలు ఉప్పు గాలికి, ఉప్పునీటికి త్వరగా తుప్పుపడతాయి కాబట్టి ప్లాస్టిక్ గొట్టాలే వాడండి. కారే కుళాయి కింద గంటసేపు గ్లాసు పెట్టి, పడిన నీటిని కొలిచి, దాన్ని 24తో హెచ్చించండి. ఆ లెక్క చూశాక వాషరు మార్చడం మరునాటికి వాయిదా వేయరు.

బావిని లోతు చేయకండి

ఈ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. పెరట్లో 18 అడుగుల బావిలో తాగడానికి పనికొచ్చే నీళ్లుండేవి. వేసవిలో చాలడం లేదని పక్కనే 60 అడుగుల బోరు వేయించి, ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు బిగించాము. బోరు వేసినవాళ్లు లోతుకు పోతే నీళ్లు తియ్యగా ఉంటాయని మాట ఇచ్చారు. మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో వేసవిలో ఒక ఉదయం టీలో ఉప్పు తగిలింది. పొరపాటున పంచదారకు బదులు ఉప్పు పడిందేమో అనుకుని ఇంకోసారి పెట్టుకున్నాము. ఆ నెల తిరిగేలోగా పాత బావి నీళ్లు కూడా నోట పెట్టడానికి వీల్లేకుండా పోయాయి.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మీరు ఆ ఖర్చు పెట్టరు. తీర ప్రాంతంలో వాన నీరు, కాలువ ఊట నేలలోకి దిగి, లోపలున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా నూటికి రెండున్నర వంతులు మాత్రమే ఎక్కువ బరువు. ఆ కొద్ది తేడా వల్ల, మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల మేర మంచినీటి పొర నిలుస్తుందని గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు వేర్వేరుగా లెక్క తేల్చారు. దీన్ని తిరగేసి చూడండి: మోటారుతో గట్టిగా తోడి ఆ మట్టాన్ని ఒక అడుగు దించితే, కింది ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. దానికి తోడు డెల్టాలో లోతు పొరల్లో ఏనాటిదో సముద్రపు నీరు చిక్కుకుని ఉంది. అందుకే ఇక్కడ లోతుకు పోతే ఎక్కువ చోట్ల ఉప్పుకే చేరతాము.

కాబట్టి తక్కువ లోతు బావిని కాపాడుకోండి. అర హార్స్‌పవర్ మోటారు చాలు. గంటన్నర ఏకబిగిన నడపకుండా ఉదయం 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు తోడి, మధ్యలో ఊట రానివ్వండి. మోటారు గొట్టం కొన బావి అడుగున కాకుండా నీటి పైభాగంలో ఉండేలా వేలాడదీయండి. పైనా కిందా నీటికి ఎంత తేడా ఉందో మీరే చూడవచ్చు. ఒక గాజు సీసా మెడకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టి, సీసాను అడుగుకు దించాక బిరడా లాగండి. బుడగలు ఆగాక పైకి తీసి మీటరుతో కొలవండి. పై నీరు 600 ఉన్నచోట అడుగు నీరు 1,500 చూపిస్తే, మీ బావిలో తోడదగింది పైభాగమే.

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో రైతులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించి, బోర్లకు బదులు లోతు లేని దొరువులు (నీటి గుంతలు) తవ్వుకున్నారు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఆ పద్ధతినే మెరుగుపరచి, తక్కువ లోతులో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి, పై పొరలోని మంచినీటిని ఒక బావిలోకి చేర్చే విధానాన్ని రూపొందించారు. ఇసుక నేల ఉన్నవాళ్లు బోరు ఆలోచన చేసే ముందు అలాంటి బావిని చూసి రండి. బావి ఎక్కడ తవ్వినా మరుగుదొడ్డి గుంతకు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి.

ఇంటి కప్పు మీద పడే వానను పట్టుకోండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 600 చదరపు అడుగుల శ్లాబు అంటే 56 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వానకు, ఆవిరికీ చిందులకూ అయిదో వంతు పోయినా దాదాపు 4,500 లీటర్లు చేతికొస్తాయి. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు పడే చోట ఇది 45,000 లీటర్లు. తాగడానికీ వండడానికీ అదే ఇంటికి ఏడాదికి కావలసింది 7,300 లీటర్లు. మనకు కావలసినదానికి ఆరింతలు కప్పు మీద పడి మురుగు కాలువలోకి పోతోంది. ఈ లెక్క మొదటిసారి కట్టినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

ఏడాది నీరంతా నిల్వ చేయనక్కరలేదు. కష్టమంతా ఫిబ్రవరి నుంచి జూన్ నడుమ వరకే అనుకుంటే 135 రోజులు, రోజుకు 20 లీటర్ల చొప్పున 2,700 లీటర్లు. అంటే 3,000 లీటర్ల మూతబడిన ట్యాంకు చాలు. అది ఒక వేసవిలో 135 టిన్నులకు సమానం. ట్యాంకు ధరను ఆ టిన్నుల ధరతో భాగించి చూస్తే ఎన్ని వేసవుల్లో పెట్టుబడి తీరుతుందో తెలుస్తుంది.

పని ఇలా చేయండి. శ్లాబు వాలు చివర గొట్టం బిగించి, దాని నోటికి సన్నటి జాలీ పెట్టండి. గొట్టం కింద ట్యాంకుకు వెళ్లే దారితో పాటు బయటికి పోయే దారి కూడా ఉండాలి. సముద్రానికి దగ్గరున్న ఇళ్ల కప్పుల మీద గాలి మోసుకొచ్చిన ఉప్పు పేరుకుంటుంది. కాకి రెట్టలు, కొబ్బరి పుప్పొడి సరేసరి. ప్రతి వానకూ మొదటి పది నిమిషాల నీరు బయటికి వదిలి, తరువాతే ట్యాంకులోకి మళ్లించండి. అక్టోబరు, నవంబరులో వాయుగుండాల వానలు కురిసేటప్పుడు ట్యాంకు నింపుకోవడం మంచిది, ఎందుకంటే అప్పటికి కప్పు కడిగినట్టుంటుంది, వేసవి వరకు నిల్వ ఉంచవలసిన రోజులూ తగ్గుతాయి. ట్యాంకులో వెలుతురు చొరకూడదు. చొరబడితే పాచి పడుతుంది. మూతకు సందు లేకుండా చూసి, గాలి గొట్టానికి దోమల వల కట్టండి. తాటాకు కప్పు నుంచి నీరు పట్టకండి, అది రంగు దిగుతుంది.

ట్యాంకు నిండగా మిగిలిన వాన నీటిని బావికి కొద్ది దూరంలో ఇసుక, కంకర నింపిన గుంతలోకి పంపండి. ఆ నీరు మీ బావిలోని మంచినీటి పొరకు బలమవుతుంది.

కాలువలు కట్టేసే ముందు

మార్చి నెలలోనే పంచాయతీకి వెళ్లి మంచినీళ్ల చెరువు ఎప్పుడు నింపుతారో, కాలువలు ఏ తేదీన కట్టేస్తారో అడగండి. చెరువులో పూడిక, గుర్రపుడెక్క తీయించకుండా నింపితే సగం చెరువు మట్టికే పోతుంది. ఈ మాట గ్రామసభలో ముందే అడిగి తీర్మానంలో రాయించండి. ఒక్క ఇల్లు అడిగితే నవ్వి ఊరుకుంటారు, వీధి అంతా వెళ్తే కాగితం మీదికి వస్తుంది. ట్యాంకరు తప్పదనుకుంటే నాలుగు ఇళ్లు కలిసి ఒకే రోజు తెప్పించుకోండి.

చెరువు నీరో కాలువ నీరో తెచ్చుకున్నప్పుడు బురద తేర్చుకోవాలి. మా అమ్మ ఇండుప గింజను సానరాయి మీద రెండు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని బిందె లోపల నాలుగు వైపులా రాసి, నీళ్లు పోసి రాత్రంతా కదపకుండా ఉంచేది. తెల్లవారేసరికి మట్టి అడుగున పేరుకుని, పైన కాసు వేస్తే కనపడేటంత తేటగా ఉండేవి. ఇండుప గింజ దొరకకపోతే పటిక ముక్కను రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. అయితే తేరిన నీరంతా శుభ్రమైన నీరు కాదు. పై నీటిని వడబోసి, సలసల మరిగించి చల్లార్చుకుని తాగండి.

ట్యాంకు నీటికి బ్లీచింగ్ పౌడరు వేయవచ్చు. మంచి పౌడరు అయితే 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. 10 గ్రాములు తూయించుకుని నాలుగు సమానమైన పొట్లాలు కడితే ఒక్కోటి 1,000 లీటర్లకు సరిపోతుంది. పౌడరును నేరుగా చల్లకుండా గ్లాసుడు నీళ్లలో కలిపి, సున్నం అడుగున తేరాక పై నీటిని మాత్రమే పోసి కలియబెట్టండి. అరగంట ఆగి తాగండి. బావికి అయితే వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో, ఆపైన 785తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. మీటరున్నర వ్యాసం, రెండు మీటర్ల నీరు ఉన్న బావిలో దాదాపు 3,500 లీటర్లు. దానికి 9 గ్రాములు. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో సత్తువ ఉండదు, దాన్ని వాడకండి.

తుపాను ఉప్పెనలో సముద్రపు నీరు బావిలోకి వస్తే, కంగారుపడి మోటారు పెట్టి పదే పదే ఖాళీ చేయకండి. పైన చెప్పిన కారణం వల్లనే అడుగు నుంచి ఇంకా ఉప్పు లేస్తుంది. చెత్త తీసి, పైపైన కొద్దికొద్దిగా తోడి, వానలకు పొర మళ్లీ కూడేదాకా ఆ నీటిని కడుగుళ్లకే వాడుకోండి.

టిన్నులు, ఫిల్టర్లు కొనేటప్పుడు

టిన్ను కొనే చోట లైసెన్సు, నీటి పరీక్ష కాగితం చూపించమనండి. చూపించనివాళ్ల దగ్గర కొనకండి. టిన్ను లోపల చేయి పెట్టి తడిమితే జిగురు తగలకూడదు. ఇంట్లో నీటిలోని ఉప్పు తీసే ఆర్‌ఓ ఫిల్టరు పెట్టుకోదలిస్తే ముందు మీ నీటి అంకె చూసుకోండి. 500 లోపు కుళాయి నీటికి ఆర్‌ఓ అనవసరం; మరిగించడం చాలు. ఇళ్లకు అమ్మే ఆర్‌ఓలు ఎక్కువగా 2,000 వరకే తట్టుకుంటాయి. అంతకు మించిన బోరు నీరు పోస్తే మెంబ్రేను (ఉప్పును ఆపే లోపలి పొర) త్వరగా చెడిపోతుంది. ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి, వాటిని బకెట్టులో పట్టి మరుగుదొడ్డికి వాడండి. కూరపాదులకు పోయకండి, కొబ్బరి చెట్టు అయితే కొంతవరకు ఓర్చుకుంటుంది. నెలకొకసారి లోపలికి వెళ్లే నీటినీ బయటికి వచ్చే నీటినీ కొలవండి. తేడా తగ్గుతూ వస్తే మెంబ్రేను మార్చే సమయం దగ్గరపడింది. అంకె బాగున్నంత కాలం, అమ్మినవాళ్లు ఫోను చేశారని మార్పించుకోనక్కరలేదు.

జూన్‌లో నీళ్లు వదిలినప్పుడు

కాలువలోకి నీరు వచ్చిందనగానే బిందెలతో పరుగెత్తకండి. ఎండిన కాలువలో రెండు నెలలు పడిన చెత్త, పై ఊళ్ల మురుగు ఆ మొదటి నీటితోనే కొట్టుకొస్తాయి. చెరువు తూము తీసే పనివారితో మాట్లాడి, ఆ నీరు కిందికి పోయి రంగు తేరాకనే చెరువులోకి పెట్టించండి. ఈలోగా మీ ట్యాంకు అడుగుకు వచ్చి ఉంటుంది. మిగిలిన నీటిని పెరట్లోకి వదిలి, లోపల తోమి కడిగి, మూత, జాలీ, దోమల వల సరిచూసి, గొట్టం మళ్లీ శ్లాబు కిందికి తిప్పండి. మే నెలలో రాసిన బావి అంకెను కొత్త క్యాలెండరు మొదటి గడిలోకి ఎక్కించండి.